ఒక్క మ్యాచ్ సినిమాలు, ఒక్క రోజు ర్యాంకులు

రాజమౌళి సినిమాల గురించి మాట్లాడుకునేటప్పుడు మనవాళ్ళు 'సింహాద్రి' నుంచి ఒక్క గెంతులో 'ఛత్రపతి' దగ్గరికి వెళ్ళిపోతారు. మధ్యలో 2004లో వచ్చిన 'సై' దగ్గర ఆగేవాళ్ళు తక్కువ. ఆగినా వేణుమాధవ్ నల్లబాలు వేషం దగ్గర ఆగి, ఒక మీమ్ పంపుకుని, నవ్వుకుని ముందుకెళ్ళిపోతారు. ఇరవయ్యేళ్ళు దాటాక మళ్ళీ చూస్తే నాకు మాత్రం కళ్ళు అతుక్కుపోయింది ఆ సినిమాలో గ్రౌండు మీద. నితిన్ మీద కాదు, ప్రదీప్ రావత్ మీద కూడా కాదు. మట్టి రేగే ఒక కాలేజీ గ్రౌండు మీద.

కథ తెలిసిందే. కాలేజీలో రెండు గుంపులు, వాళ్ళ మధ్య పంతాలు. పంతం వచ్చినప్పుడల్లా రగ్బీ ఆడి తేల్చుకుంటారు. కాలేజీ స్థలం మీద భిక్షు యాదవ్ కన్ను పడుతుంది. రెండు గుంపులూ ఒకటవుతాయి. చివరికి పందెం: రగ్బీలో గెలిస్తే కాలేజీ పిల్లలది, ఓడితే భిక్షు యాదవ్‌ది. కోర్టులు, కాగితాలు, పోలీసులు చేయలేని పని ఒక మ్యాచ్ చేసేస్తుంది. లాజిక్ అడక్కండి. సినిమాకి లాజిక్ అక్కర్లేదు గానీ నమ్మకం ఒకటి కావాలి. 'సై'కి ఉన్న నమ్మకం ఏమిటంటే, కాలేజీ అంటే మొదట గ్రౌండు, తర్వాతే మిగతావన్నీ.

2004లో అంత నమ్మకంగా ఆ మాట అనడం చిన్న విషయం కాదు. ఎంసెట్ 1986లో మొదలైంది. 'సై' వచ్చేనాటికి దానికి పద్దెనిమిదేళ్ళు నిండాయి. ఇంటర్మీడియట్ అంటే ఎంసెట్‌కి ముందుండే వెయిటింగ్ రూమ్ అని మన ఊళ్ళన్నీ అప్పటికే ఒప్పేసుకున్నాయి. రాజమండ్రిలో, కాకినాడలో, భీమవరంలో అపార్ట్‌మెంట్‌లాంటి బిల్డింగులకి కాలేజీ బోర్డులు పడిపోయాయి. ఫలితాలొచ్చిన మర్నాడు పేపరు తీస్తే పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు, పక్కన అంకెలు. టీవీ పెడితే ఎవరో ఊపిరి తీసుకోకుండా ర్యాంకులు చదువుతుండేవాడు. అలాంటి రోజుల్లో, ఎవరి ర్యాంకు ఎంతో కథకి పట్టని ఒక కాలేజీ సినిమా వచ్చింది. దాంట్లో పిల్లలు ప్రాణం పెట్టింది సీటు కోసం కాదు, స్థలం కోసం.

అందుకే 'సై'ని మామూలు కమర్షియల్ సినిమా కింద కొట్టిపారెయ్యలేను. అలాగని నెత్తిన పెట్టుకోనూలేను. ఆ సినిమా ఒక పెద్ద విషయాన్ని దాదాపు పట్టుకుని జారవిడిచింది. ఎక్కడ జారిందో చెప్పాలంటే ముందు గోదావరి దాటాలి, ఆ తర్వాత సముద్రం కూడా దాటాలి.

*

'సై' కథ విజయేంద్రప్రసాద్‌ది, పాటలు కీరవాణివి. ఇద్దరిదీ కొవ్వూరు. రాజమండ్రిలో పుష్కరఘాట్ మెట్ల మీద నిలబడితే అవతలి ఒడ్డున కనిపించే ఊరు. సినిమాలో గోదావరి చుక్క కూడా కనిపించదు, నిజమే. కానీ దాని కథనం పద్ధతి చూడండి. అది ఫుట్‌బాల్ పద్ధతీ కాదు, రగ్బీ పద్ధతీ కాదు. అచ్చంగా సంక్రాంతి బరి పద్ధతి.

కోడిపందెంలో రేపు అనేది ఉండదు. డేగైనా, కాకైనా, నెమలైనా, ఏడాదంతా జీడిపప్పు పెట్టి పెంచినా, కాలికి కత్తి కట్టి బరిలో వదిలాక అంతా కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది. ఓడిన పుంజుకి రెండో అవకాశం లేదు, అది కూరలోకి పోతుంది. గెలిచినదాని పేరు మీద డబ్బులు చేతులు మారతాయి. చుట్టూ ఉన్న జనం చూసేది పుంజు నేర్పు కన్నా పందెం ఎంత అన్నది. పందెం పెద్దదైనకొద్దీ పోటీ గొప్పదైనట్టు లెక్క.

మన ఆటల సినిమా ఈ లెక్క మీదే నడుస్తుంది. ఒక్క మ్యాచ్. ఓడితే సర్వనాశనం. అందుకే పందెం పెంచుకుంటూ పోవాలి: అమ్మాయి, ఊరి పరువు, పొలం, కాలేజీ. ఆట దానంతట అది చాలదని రచయితకి ముందే భయం. 'ఒక్కడు'లో హీరో కబడ్డీ ఆటగాడు, కానీ కథ మొత్తం పరుగు. కబడ్డీ హీరో ఒంటి బలానికి సర్టిఫికెట్‌గా మిగిలింది. 'సై'లో రగ్బీకి అంతకన్నా చాలా ఎక్కువ చోటే దొరికింది. ఎవరు ఎవరికి బంతి అందిస్తున్నారు, గుద్దుకున్నప్పుడు ఒంటికి ఏమవుతోంది అన్నది సెంథిల్ కుమార్ కెమెరా దగ్గరికెళ్ళి చూసింది. అయినా చివరికి అది బరే. రాజీవ్ కనకాల వేసిన కోచ్ పాత్ర పిల్లలకి ఆట నేర్పుతున్నంతసేపూ మనకి తెలుస్తూనే ఉంటుంది, ఇక్కడ రేపటి మ్యాచ్ అనేది లేదని.

నిజంగా ఆట ఆడినవాళ్ళనెవర్నైనా అడగండి. ఆట రేపటిలోనే ఉంటుందంటారు. వరి పండించేవాళ్ళకి ఇంకా బాగా తెలుసు. సార్వా పోతే దాళ్వా ఉంటుంది. తుపానుకి పడిపోయిన చేను చూసి ఏడ్చినవాళ్ళే మళ్ళీ నారు పోస్తారు. డెల్టాలో మనుషుల బతుకు సీజన్ల లెక్కన నడుస్తుంది, మన వినోదం మాత్రం బరి లెక్కన. రెండూ ఒకే ఊళ్ళో ఉన్నాయి. సినిమావాళ్ళు రెండోదాన్నే తీసుకుని మొదటిదాన్ని వదిలేశారు.

*

ఇక సముద్రం దాటదాం. రగ్బీకి తమ్ముడి వరసయ్యే ఆట ఒకటి అమెరికాలో ఉంది. వాళ్ళు దాన్నే ఫుట్‌బాల్ అంటారు. అక్కడ కాలేజీ ఫుట్‌బాల్ అంటే మన దగ్గర క్రికెట్‌కున్నంత పిచ్చి. ఆ ఆటలో 1936 సీజన్ గురించి చదువుతుంటే నాకు మన ఎంసెట్ పేజీలే గుర్తొచ్చాయి.

ఆ ఏడాది అక్టోబరులో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ స్పోర్ట్స్ ఎడిటర్ అలన్ గౌల్డ్ ఒక పని మొదలుపెట్టాడు. దేశంలోని పత్రికల స్పోర్ట్స్ ఎడిటర్లతో ఓట్లు వేయించి వారం వారం కాలేజీ జట్లకి ర్యాంకులు ప్రకటించడం. అంత పెద్ద దేశంలో అన్ని జట్లూ ఒకదానితో ఒకటి ఆడలేవు. ఎవరి ప్రాంతం వాళ్ళది, ఎవరి గొప్ప వాళ్ళది. మ్యాచ్ శనివారం. మళ్ళీ శనివారం దాకా పేపర్లో జనం కొట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి. తన ఉద్దేశం కూడా అదేనని గౌల్డ్ తర్వాత దాచుకోకుండా చెప్పాడు.

మొదటి జాబితాలో మిన్నెసోటా నంబర్ వన్. అక్టోబరు 31న ఆ జట్టు నార్త్‌వెస్టర్న్ చేతిలో 6-0తో ఓడింది. కిరీటం నార్త్‌వెస్టర్న్‌కి పోయింది. సీజన్ చివరి మ్యాచ్‌లో నార్త్‌వెస్టర్న్ వెళ్ళి నోటర్‌డామ్ చేతిలో 26-6తో చిత్తయింది. ఆఖరి జాబితా వచ్చేసరికి మళ్ళీ మిన్నెసోటాయే పైన, ఒక ఓటమితో సహా. అదే ఏడాది ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా, ఒకే ఒక్కటి డ్రా చేసుకున్న అలబామాకి నాలుగో స్థానం. ఈ రెండు జట్లూ ఆ ఏడాది ఎదురుపడనే లేదు. ఓడినవాడు ఒకటి, ఓడనివాడు నాలుగు, తేల్చింది మాత్రం గ్రౌండులో లేనివాళ్ళు.

దీంట్లో నాకు రెండు విషయాలు కనిపిస్తాయి, అవి ఒకదానికొకటి పడవు. మొదటిది, ర్యాంకు అభిప్రాయమే గానీ అంకె బట్టలు కట్టుకునేసరికి తీర్పులాగా కనిపిస్తుంది. తాము చూడని మ్యాచ్‌ల మీద కూడా ఎడిటర్లు ఓటేశారు. ఎవరో స్పోర్ట్స్ పేజీ నింపుకోవడానికి పెట్టిన ఏర్పాటు కొన్నాళ్ళకి ఛాంపియన్ ఎవరో తేల్చే ప్రమాణమైపోయింది. రెండోది, దానికి ఎదురుమాట: ఆ ర్యాంకుకి సీజన్ ఉంది. అక్టోబరులో ఓడినవాడు నవంబరులో లేవొచ్చు. ఓటమి లెక్కలో ఉంటుంది గానీ లెక్కని మూసెయ్యదు. వారం వారం జాబితా మారుతుంది కాబట్టి అది కథవుతుంది.

మన ర్యాంకులకి మొదటి జబ్బు ఉంది, రెండో గుణం లేదు. ఎంసెట్ ర్యాంకు చాలావరకు ఒక్క రోజు, మూడు గంటలది. ఆ రోజు జ్వరం వస్తే, బస్సు లేటైతే, వచ్చిన ఫార్ములా మర్చిపోతే, అక్టోబరుకి నవంబరు ఉండదు. ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ ఉంటుంది. అది సీజన్ కాదు, శిక్ష. 2016లో కేంద్రం కాలేజీలకీ యూనివర్సిటీలకీ కూడా జాతీయ ర్యాంకులు మొదలుపెట్టింది. ఎన్ఐఆర్ఎఫ్ అంటారు. దాంట్లో నూటికి పది పాళ్ళు పర్సెప్షన్, అంటే నలుగురూ ఏమనుకుంటున్నారన్నది. 1936లో ఎడిటర్లు చేసిన పని ఎనభయ్యేళ్ళ తర్వాత మన ఫారాల్లో ఒక గడిగా వచ్చి కూర్చుంది.

ర్యాంకులన్నీ ఒక్క తాను ముక్కలు కాదని చెప్పడానికి మన డెల్టా నుంచే ఒక ఉదాహరణ ఉంది. అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్. 2023 అక్టోబరులో చిరాగ్ శెట్టితో కలిసి హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్ బంగారం గెలిచాక బ్యాడ్మింటన్ పురుషుల డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. మన దేశంలో అంతకుముందు ఏ డబుల్స్ జంటకీ దక్కనిది. ఆ ర్యాంకు ఎలా వస్తుంది? గడిచిన 52 వారాల్లో ఆడిన టోర్నమెంట్లలో బాగా ఆడిన పదింటిని కూడితే వస్తుంది. అంటే మొదటి రౌండులో ఓడిపోయి ఇంటికొచ్చిన వారాలు ఉండొచ్చు, వాటిని లెక్క క్షమిస్తుంది. కిందటేడాది గెలుపుని మాత్రం ఎల్లకాలం తిననివ్వదు, వారాలు గడిచేకొద్దీ అది రాలిపోతుంది. క్షమ ఉంది, గడువూ ఉంది. అంకెల్లో ఇంత మానవత్వం ఉంటుందని మన ఇంటర్ కాలేజీ వాళ్ళకి ఎవరైనా చెబితే బాగుణ్ణు. అన్నట్టు, సాత్విక్ వాళ్ళ నాన్నగారు పీఈటీ మాస్టారుగా పనిచేశారు. మన ఊళ్ళలో అందరూ తేలిగ్గా తీసేసే ఉద్యోగం.

*

సీజన్ పద్ధతిలో కథ చెప్పిన తెలుగు సినిమాలే లేవా అంటే, ఉన్నాయి. అవి ఎందుకు మనసులో నిలిచాయో గమనిస్తే నా వాదన తేలిగ్గా అర్థమవుతుంది.

'జెర్సీ' (2019) క్రికెట్ సినిమా. ముప్పై ఆరేళ్ళ అర్జున్ మళ్ళీ బ్యాటు పట్టి రంజీ జట్టులోకి వస్తాడు. ఆ సినిమాలో అందరికీ గుర్తున్న సన్నివేశం మ్యాచ్‌ది కాదు. జట్టులో పేరొచ్చిందని తెలిశాక రైల్వే స్టేషన్లో, రైలు వెళ్ళిపోతున్న చప్పుడులో నాని అరిచే అరుపు. గౌతమ్ తిన్ననూరి ఇక్కడ గొప్ప సంగతి పట్టుకున్నాడు. ఆటగాడి జీవితంలో జాబితా ఎంత బరువో, ఆ బరువు దిగినప్పుడు పక్కన ఎవరూ ఉండకపోవడం ఎలా ఉంటుందో చూపించాడు. కప్పు గెలిచిన అరుపు కాదది, ఆడనిస్తున్నారన్న అరుపు.

'భీమిలి కబడ్డీ జట్టు' (2010) తమిళం నుంచి వచ్చిన కథ. ఎప్పుడూ గెలవని ఊరి జట్టు. ఓడిపోవడం అలవాటైనవాళ్ళ స్నేహం ఎలా ఉంటుందో చూపించిన అరుదైన సినిమా. గెలుపు దగ్గరికొచ్చేసరికి అదీ బరువైన ముగింపు కోసం తడుముకుంది గానీ, మొదటి సగంలో ఉన్న చల్లదనం నాకు ఇష్టం. ఓడినా సాయంత్రం మళ్ళీ గ్రౌండుకి వెళ్ళే మనుషులు వాళ్ళు.

'డియర్ కామ్రేడ్' (2019) ఇంకా దగ్గరిది, కాకినాడ కథ. బాబీ స్టూడెంట్ యూనియన్ లీడరు, లిల్లీ రాష్ట్రస్థాయి క్రికెటర్. జాబితాలో పేరుండాలంటే ఒక మగాడి గదిలోంచి వెళ్ళాల్సొస్తే ఆటగత్తె ఏమైపోతుందన్నది భరత్ కమ్మ అడిగిన ప్రశ్న. ర్యాంకు, సెలక్షన్ అనే మాటల వెనక ఎవరి చేతులుంటాయో మన సినిమాల్లో అంత సూటిగా చెప్పినవి తక్కువ. కానీ అక్కడా కోపం చేసే హక్కు ఎక్కువగా బాబీకే దక్కింది. లిల్లీ ఆట మనం చూసింది కొంచెం, లిల్లీ బాధ చూసింది చాలా. ఆమె కవర్‌డ్రైవ్ ఇంకో నాలుగు చూపించి ఉంటే, ఏం పోగొట్టుకుందో బాబీ అరవకుండానే మనకి తెలిసేది.

ఆ లెక్కన 'సై'లో ఇందు పరిస్థితి చెప్పక్కర్లేదు. జెనీలియా ఎంత హుషారుగా చేసినా ఆమెకి దొరికింది గ్రౌండు అంచే. కాలేజీ అందరిదీ అన్న సినిమా గ్రౌండు మాత్రం సగంమందికే ఇచ్చింది. దీన్ని కాలం తప్పు అని సరిపెట్టుకోలేను. కాలేజీని కాపాడటానికి రెండు గుంపులూ ఒకటవ్వాలని రాసుకున్న కథకి, కాలేజీలో ఇంకో సగం ఉందని గుర్తురావడం పెద్ద కష్టం కాదు.

*

'సై' ఎక్కడ జారిందో ఇప్పుడు చెప్పొచ్చు. విలన్ దగ్గర.

భిక్షు యాదవ్ బయటివాడు, గూండా. మీద పడి లాక్కుంటాడు. అలాంటివాణ్ణి ఓడించడానికి ఒక మ్యాచ్ చాలు. కానీ మన డెల్టాలో కాలేజీ గ్రౌండుల్ని ఏ భిక్షు యాదవూ లాక్కోలేదు. నేను ఇంటర్ చదివిన కాలేజీకి గ్రౌండు పోలేదు, ఎందుకంటే మొదట్నుంచీ లేదు. నాలుగంతస్తుల బిల్డింగు, కింద పార్కింగు, పైన రేకుల షెడ్డులో స్టడీ అవర్లు. టైమ్‌టేబుల్లో గేమ్స్ అని ఒక గడి ఉండేది. ఆ గడిలో ఫిజిక్స్ సారు వచ్చేవారు. మాకెవరికీ దాంట్లో అన్యాయం కనిపించలేదు, మా నాన్నలకి అసలే కనిపించలేదు. ఫీజు కట్టింది ర్యాంకు కోసం, మట్టి కోసం కాదు కదా.

నిజంగా గ్రౌండులున్న కాలేజీలు మన దగ్గర పాతవి. రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ మూలాలు 1853 నాటి స్కూల్లో ఉన్నాయి. కాకినాడ పి.ఆర్. కాలేజీ 1884 నాటిది. ఆ తరం కాలేజీ కట్టేటప్పుడు క్లాసురూములతో పాటు ఖాళీ స్థలం కూడా కాలేజీయే అనుకుంది. ఇప్పుడు ఆర్ట్స్ కాలేజీ గ్రౌండు అంటే ఊళ్ళో చాలామందికి గుర్తొచ్చేది బహిరంగ సభలు. సభ అయ్యాక గుంటలు పూడ్చుకుని, పొద్దున్నే వచ్చిన పిల్లలు వికెట్లు పాతుకుంటారు. అక్కడ ఆడే పిల్లల్లో చాలామంది ఆ కాలేజీవాళ్ళు కూడా కాదు. చుట్టుపక్కల గ్రౌండు లేని కాలేజీలవాళ్ళు.

గ్రౌండుల్ని తిన్నది ర్యాంకు. ఆ ర్యాంకుని పెంచి పోషించింది మనం, ప్రేమతో, అప్పులు చేసి. ఇలాంటి విలన్‌తో మ్యాచ్ ఆడటం ఎలా? పందెం కాయడం ఎలా? 'సై' దగ్గర దీనికి జవాబు లేదు. జవాబు లేకపోవడం తప్పు కాదు గానీ, ఆ ప్రశ్న గుమ్మం దాకా వచ్చి, గుమ్మంలో ఒక గూండాని నిలబెట్టి వెనక్కి వెళ్ళిపోవడమే తప్పు. కళ్ళెదురుగా ఉన్న శత్రువుని చూపించడం సులువు. ప్రేమగా, ఫీజు రసీదు చేతిలో పట్టుకుని వచ్చే శత్రువుని చూపించాలంటే కథకి సీజన్ కావాలి. ఒక ఏడాది పాటు ఒక కుర్రాడు, లేదా ఒక పిల్ల, ఆటకీ స్టడీ అవరుకీ మధ్య ఎలా నలిగింది, ఏ వారం గెలిచింది, ఏ వారం షూస్ అటక మీద పెట్టేసింది అన్నది రాయాలి.

మన కథల్లో, నవలల్లో గోదావరి గట్లున్నాయి, లాంచీలున్నాయి, కొబ్బరితోటలున్నాయి, ఊరు వదిలేసి హైదరాబాదు వెళ్ళిపోయినవాళ్ళ బెంగ బోలెడంత ఉంది. ఆటస్థలం మాత్రం అరుదు. అక్కడ ఏ కులంవాడు ఎవరికి బంతి పాస్ చేశాడు, ఎవర్ని బౌండరీ దగ్గరే నిలబెట్టారు, కాలేజీ జట్టు యూనివర్సిటీ టోర్నమెంటుకి వెళ్ళినప్పుడు రైలు టికెట్టు డబ్బులు ఎవరిచ్చారు, ఈ లెక్కలన్నీ మన సమాజం లెక్కలే. 1956-57లో యూనివర్సిటీల ఆటలకి మౌలానా అజాద్ ట్రోఫీ పెట్టారు. ఏడాదంతా సాధించిన ఫలితాలన్నీ కలిపి చూసి ఇస్తూ వచ్చిన ట్రోఫీ అది. అంటే సీజన్ లెక్క మనకి తెలియనిదేం కాదు. దాన్ని కథగా చెప్పడమే అలవాటు చేసుకోలేదు.

'సై' చూడనివాళ్ళు ఒకసారి చూడండి. కథ అబద్ధం గానీ మట్టి అబద్ధం కాదు. చూసినవాళ్ళు ఇంకోసారి చూడండి, ఈసారి హీరోని వదిలేసి గ్రౌండుని చూడండి. చూశాక మీరు చదివిన కాలేజీకి గ్రౌండు ఉందో లేదో గుర్తు చేసుకోండి. లేకపోతే, ఆ కథ రాయాల్సింది మీరే.